ఉప్పుడు మిల్లు ఊక: మిద్దెతోటలో వాడి చూశాక

కుండీల మట్టిలో కలపడానికి ఊక ఎక్కడ చవగ్గా దొరుకుతుందని ఎవరు అడిగినా, ధర కంటే ముందు నేను చెప్పేది ఒకటే. అది రా రైస్ (పచ్చి బియ్యం) మిల్లుదా, బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) మిల్లుదా కనుక్కోండి. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఊక ఎందుకో మిద్దెతోట వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మట్టి గుల్లగా ఉంటుంది, స్లాబు మీద బరువు తగ్గుతుంది, మట్టి గుల్లబారడానికి కలిపే పెర్లైట్ అనే తెల్లటి గుళికల ఖర్చు తప్పుతుంది. సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్ళదు.

మొదట్లో ఆన్‌లైన్‌లో కిలో ప్యాకెట్లు తెప్పించుకునేదాన్ని. శుభ్రంగానే ఉండేది. కిలో అంటే సుమారు పది లీటర్లు వస్తుంది, మిద్దె నిండా గ్రో బ్యాగులు పెట్టుకున్న మాకు అది ఏ మూలకి? అందుకని 2022లో ఒక పశువుల దాణా కొట్టులో బస్తాల లెక్కన తీసుకున్నాం. లేత బంగారు రంగులో ఎంత బాగుందో! ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కాస్త వేపపిండి కలిపి వంగ, మిరప, టమాటా బ్యాగులన్నీ దానితోనే నింపాం.

వారం పది రోజులకు ప్రతి బ్యాగులోనూ సన్నటి పచ్చ పోచలు లేచాయి. గరిక అనుకుని ఒకటి లాగితే వేరుతో పాటు వడ్లగింజ వచ్చింది. మళ్ళీ చూస్తే మిద్దెంతా వరి నారుమడి! పీకేయవచ్చు కదా అంటారేమో. వరి వేరు పీచులాగా మట్టిని పట్టుకుంటుంది. పోచను లాగితే పక్కనే ఉన్న లేత మిరప మొక్క కూడా కదిలిపోతుంది. కత్తిరిస్తే మళ్ళీ చిగురిస్తుంది. పొద్దున ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో నేను, సాయంత్రం మా అత్తగారు, ఒక్కొక్క బ్యాగు ముందు కూర్చుని ఏరుతూనే ఉన్నాం. అది చాలదన్నట్టు మొలవని గింజల కోసం ఎలుకలు మిద్దె ఎక్కాయి. రాత్రికి రాత్రి బ్యాగులు తవ్వి, నాటిన మొక్కల్ని పక్కన పడేసి పోయేవి. ఆ ఊకలో తవుడు, నూక కూడా ఉన్నాయి, తడి తగిలిన చోటల్లా తెల్లగా బూజు పట్టింది. పాతకాలం హల్లర్ మరల్లో ఊక, తవుడు విడిగా రావు, కలిసే పడతాయి. పశువుల దాణాకి అది పనికొస్తుందేమో, కుండీకి పనికిరాదు. కొట్టాయన్ని అడిగితే, “ఊకంటే గింజలు ఉండవామ్మా?” అన్నాడు. ఆ సీజన్‌లో మాకు మిరపకాయ దక్కలేదు.

మేముండేది చెన్నైలో కొళత్తూరు. రెడ్‌హిల్స్ ఇక్కడికి దగ్గరే, అక్కడ బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. ఒక ఆదివారం మా వారు, నేను వెళ్ళి నాలుగు మిల్లుల్లో విచారించాం. చాలావాటిలో బస్తా రెండు బస్తాలు అమ్మరు. వాళ్ళ ఊక వాళ్ళ బాయిలర్‌కే కావాలి, మిగిలింది ఇటుక బట్టీలకు, కోళ్ళ ఫారాలకు లారీల్లో వెళ్తుంది. చివరికి ఒక బాయిల్డ్ మిల్లులో తెలుగు మాట్లాడే మేస్త్రి దొరికాడు. వడ్లు మొలుస్తాయేమోనని నా భయం చెప్పాను. “ఉడకబెట్టిన వడ్లు యాడ మొలుస్తాయమ్మా?” అన్నాడు.

అంతే కదా! ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాకే పొట్టు తీస్తారు. ఊకలో గింజ మిగిలినా దానిలో మొలక చచ్చిపోయి ఉంటుంది. రబ్బరు రోలర్ల మీద పొట్టు తీసి గాలితో వేరు చేస్తారు కాబట్టి తవుడు కూడా దాదాపు రాదు. రంగు కొంచెం ముదురుగా ఉంటుంది, చూపుకు ఆ బంగారు రంగంత అందంగా ఉండదు. నాకు మాత్రం ఇదే ఇష్టం. అప్పటినుంచి మా మిద్దె మీద ఒక్క వరి పోచ లేవలేదు.

ధర సంగతికొస్తే, ఆన్‌లైన్‌లో ఒక కిలోకి పెట్టిన డబ్బుతో ఇక్కడ గోనెసంచి నిండా వచ్చింది. సంచులు మనవే, నింపుకోవడం మనదే. ముక్కుకు మాస్కు, ఒంటికి నిండు చేతుల చొక్కా తప్పనిసరి, ఆ దుమ్ము గొంతులో గీరుతుంది, చర్మం దురద పెడుతుంది. అసలు ఖర్చు బండిది. ఘనమీటరు ఊక సుమారు వంద కిలోలే తూగుతుంది, కాబట్టి ఇక్కడివాళ్ళు కుట్టియానై అనే టాటా ఏస్ చిన్న ట్రక్కులో చోటు నిండిపోతుంది కానీ బరువే ఉండదు. బాయిలర్ బూడిద ఊరికే ఇస్తామన్నారు. అది క్షారం, మా బోరు నీళ్ళు అసలే కుండీల అంచున తెల్లగా ఉప్పు కడతాయి. వద్దన్నాను.

దీని విలువ 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు తెలిసింది. రెండు రోజులు ఎడతెగని వాన. ఉత్త కోకోపిట్ (కొబ్బరిపీచు పొడి), కంపోస్టుతో నింపిన పాత బ్యాగులు తర్వాత చాలా రోజులు బురదగానే ఉన్నాయి, వాటిలో వంగ మొక్కలు వేరు కుళ్ళి వాలిపోయాయి. మూడో వంతు ఊక ఉన్న బ్యాగుల్లో నీళ్ళు నిలవలేదు, మొక్కలు నిలిచాయి. అవి చూసి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అయితే ఆ మూడో వంతు వానాకాలానికే. రోహిణి కార్తె ఎండల్లో అవే బ్యాగులు మధ్యాహ్నానికి పొడిబారి, పూటకోసారి నీళ్ళు పోయించుకున్నాయి. ఇప్పుడు ఐదో వంతుకు మించి కలపడం లేదు, వేసవికి ముందు కోకోపిట్ పెంచుతున్నాను. ఇంకో మాట. తొందరగా కుళ్ళదని పైన అన్నాను కానీ, రెండు వానాకాలాలు దాటాక ఊక చిన్న చిన్న ముక్కలై మట్టి కిందికి దిగుతుంది, పైన మళ్ళీ నింపాలి. పొడి ఊక నీటిని తొందరగా పీల్చదు, రాత్రంతా నానబెట్టి కలిపితేనే మంచిది. మల్చింగ్‌గా, అంటే మట్టిని కప్పేలా పైన పరిస్తే మాత్రం మిద్దె మీద గాలికి పక్కింటి బట్టల మీదికి పోతుంది.

మాకు మిల్లు దగ్గర, కింద కారు షెడ్డు ఖాళీగా ఉంది, బస్తాలు తడవకుండా పెట్టుకోగలం. అందుకే ఇది మాకు గిట్టింది. ఊరికి దక్షిణాన ఉన్న తాంబరం, వేళచ్చేరి నుంచి బండి కట్టించుకుని వస్తే, ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకుంటే తప్ప లాభం ఉండకపోవచ్చు. బాల్కనీలో పది కుండీలు ఉన్నవాళ్ళకు ప్యాకెట్టే నయం. ఎక్కడ కొన్నా ఒక గుప్పెడు బకెట్ నీళ్ళలో వేసి కలపండి. ఊక తేలుతుంది, గట్టి గింజలు మునుగుతాయి. మునిగినవి కనిపిస్తే, అది ఏ మిల్లుదో అమ్మినవాళ్ళు చెప్పలేకపోతే, మొత్తం ఊక మీద మరిగే నీళ్ళు పోసి చల్లారాకే మట్టిలో కలపండి.