లిట్టర్ ట్రే కంపుకి ఏది మేలు: బూడిదా, వంట సోడానా, కొబ్బరి పొట్టా?

లిట్టర్ ట్రేలో, అంటే మలమూత్రాలకు పెట్టే పళ్లెంలో, పిల్లి పోసిన మూత్రం అప్పటికప్పుడు పెద్దగా కంపు కొట్టదు. అందులోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా మార్చాకే ముక్కు మండుతుంది. తడీ వేడీ ఉంటే ఆ పని తొందరగా అవుతుంది. అమ్మోనియాది క్షార గుణం. కాబట్టి ట్రేలో ఏది వేసినా రెండు సంగతులు చూడాలి: తడి పీలుస్తుందా, క్షారం పెంచుతుందా?

కట్టెల బూడిద ఇక్కడే ఓడిపోతుంది. పిల్లి మలం మీద చల్లితే తేమ లాగేసి వాసన అణుస్తుంది, పల్లెల్లో ఆ అలవాటు ఊరికే రాలేదు. మూత్రం మీద పడితే మాత్రం కథ తిరగబడుతుంది. బూడిదలోని ఘాటు క్షారం మూత్రంలో కరిగి ఉన్న అమ్మోనియాను గాలిలోకి తోసేస్తుంది. తడి బూడిద పాదాలను మండిస్తుంది, ఆ పాదాలనే పిల్లి నాకుతుంది.

వంట సోడా కూడా క్షారమే, కాకపోతే చాలా బలహీనమైనది. మలం నుంచి వచ్చే పుల్లటి వాసనలకు పనికొస్తుంది, అమ్మోనియా మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. వేస్తే ట్రే అడుగున రెండు టేబుల్ స్పూన్లు చల్లి, దాని మీద లిట్టర్ (తడి పీల్చే పొట్టు) పోయాలి. పైన గుప్పెడు చల్లితే పాదాలకు అంటుకుని, నాకినప్పుడు కడుపులోకి పోతుంది, అంత సోడియం పిల్లికి మంచిది కాదు.

నా ఓటు కొబ్బరి పొట్టుకే. నర్సరీల్లో కోకోపీట్ దిమ్మలుగా దొరుకుతుంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది, గుణం కాస్త ఆమ్లం వైపు. దిమ్మ మీద నీళ్లు చల్లి విడగొట్టాక పొడిపొడిగా అయ్యేదాకా ఎండలో ఆరబెట్టాలి. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేసి, రెండు రోజులకే బూజు పట్టిందని పొట్టును తిడతారు. ట్రేలో మూడు అంగుళాల మందం పోయండి. బెంటొనైట్ బంకమట్టి లిట్టర్‌లా గడ్డకట్టదు కనుక తడిసిన మేర గరిటెతో లోతుగా తీసి, అంతే కొత్తది వేయాలి. ఇల్లంతా గోధుమరంగు నలుసులు పడటం దీని లోపం. ట్రే ముందు గోనెపట్టా వేస్తే కొంత నయం.

కొబ్బరి పొట్టు దొరకనిచోట కోత మిల్లు రంపపు పొట్టు వాడవచ్చు. సన్నని దుమ్ము జల్లించి తీసేయాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (నొక్కిన చెక్కపొడి బోర్డు) పొట్టులో జిగురు రసాయనాలుంటాయి, ఊరికే ఇచ్చినా వద్దు. ఇసుక అయితే మూత్రాన్ని పీల్చదు, అడుగుకి దించేస్తుంది. పైన పొడిగా కనబడుతుంటే కింద మడుగు కడుతుంది.

వారానికోసారి ట్రే ఖాళీ చేసి, ఒక కప్పు తెల్ల వెనిగర్‌కి మూడు కప్పుల నీళ్లు కలిపి ట్రేలో పోసి పదిహేను నిమిషాలు నాననివ్వండి. వెనిగర్ ఆమ్లం మిగిలిన అమ్మోనియాను తటస్థం చేస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఎండబెట్టండి. బ్లీచింగ్ మాత్రం వాడొద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఫినాయిల్ అసలే వద్దు, ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు.

ఏది వేసినా పొద్దునా సాయంత్రం మలం, తడి తీయాల్సిందే. పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు మనకు సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక రోజూ తీయడం మనకీ రక్షణే. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లి మూత్రంలో గంధకపు ఘాటు వేరుగా ఉంటుంది, దానికి ఈ పొట్టులేవీ చాలవు, ఆ ఆపరేషన్‌కి పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.