ఎస్.పి. రోడ్డులో నా మొదటి గేమింగ్ పీసీ: కౌంటర్‌కి రెండు స్టార్లు, పైఅంతస్తు అన్నకి ఐదు

పదేళ్ళు కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా) తప్ప ఇంకోటి ముట్టని వాడిని నేను. సోనీ ప్లేస్టేషన్ 4, అదే పీఎస్4లో జీటీఏ ఫైవ్ గేము సెకనుకి 30 ఫ్రేముల్లో ఆడి అదే లోకం అనుకున్న బ్యాచ్. ఆ పీఎస్4 ఆన్ చేస్తే చాలు, వంటింట్లో ఎవరో పచ్చడి రుబ్బుతున్నట్టు మోత. 2024 ఆగస్టులో డిస్క్ ఉన్న పీఎస్5 రేటు చూస్తే 54,990. సరే కొనేద్దాం అనుకుంటుంటే మా రూమ్మేట్ "అంత పెట్టేవాడివి, ఇంకో నాలుగు రాళ్ళు వేసుకుని పీసీ బిల్డ్ చేయించుకోవచ్చుగా" అని పుల్ల పెట్టాడు. రెండు వారాలు నిద్ర లేదు.

రివ్యూ ఎస్.పి. రోడ్డులో నేను కొన్న షాపు గురించి. పేరు రాయను, తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి. అయినా ఆ వరసలో ఏ షాపుకి వెళ్ళినా సగం మాటలు వర్తిస్తాయి. తెలియనివాళ్ళకి, సదర్ పత్రప్ప రోడ్డు అంటే బెంగళూరులో కంప్యూటర్ సామాన్లకి పెట్టింది పేరు, టౌన్ హాల్, సిటీ మార్కెట్ దగ్గర. నేను కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగి నడిచాను. ఆదివారం మాత్రం వెళ్ళకండి, చాలా షాపులు షట్టర్ దించే ఉంటాయి.

కౌంటర్ ఓనర్‌కి "60 వేల లోపు గేమింగ్ పీసీ, మొదటిసారి, ఇన్నాళ్ళూ కన్సోల్" అన్నాను. ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. మన మొహం చూసి లెక్క వేసేస్తారు. వెంటనే ఒక రెడీమేడ్ డబ్బా చూపించాడు, అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు, పెళ్ళి మండపంలా ఉంది. "ఐ7 సార్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 28 వేలే." ఏ జనరేషన్ అని అడిగితే మాట మార్చాడు. స్క్రీన్ మీద చూపించమంటే నాలుగో జనరేషన్ అని తేలింది, అంటే దాదాపు పీఎస్4 వయసుది. కార్డేమో జీటీ 730, ఎప్పటిదో చిన్న కార్డు. పేరులో గ్రాఫిక్స్ ఉన్నంత మాత్రాన అది గేములు ఆడిస్తుందా? ఐ7 అన్న రెండక్షరాలు చూసి ఎంతమంది కొనుక్కుపోయి ఉంటారో తలుచుకుంటే నాకే కడుపు మండింది.

నా ఫోన్లో లిస్టు తీశాక మాత్రం మనిషి మారిపోయాడు, అది మెచ్చుకోవాలి. ప్రాసెసర్ రైజెన్ 5 5600, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీవి రెండు ర్యామ్ స్టిక్కులు, స్టోరేజ్‌కి 1 టీబీ ఎన్‌వీఎంఈ, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల పవర్ సప్లై, గాలి బాగా ఆడే మామూలు క్యాబినెట్. కాలిక్యులేటర్ టకటకా కొట్టి 44,500 అన్నాడు. ఆన్‌లైన్ కంటే ఇంత తక్కువా అని లోపల సంబరపడ్డాను. బిల్లు అడిగేసరికి "జీఎస్టీ ఎక్స్‌ట్రా సార్" అని 18 శాతం కలిపాడు, 52,510 అయింది. బిల్లు లేకుండా తీసుకుంటే పాత రేటేనట. అలా తీసుకుంటే రేపు కార్డు పోయినప్పుడు వారంటీకి ఏం చూపిస్తాం? ఆన్‌లైన్‌తో పోలిస్తే చివరికి మిగిలింది పదిహేను వందలు, అంతే.

అసలు గొడవ పవర్ సప్లై దగ్గర. లిస్టులో నేను రాసింది 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందన్న గుర్తు) ఉన్న బ్రాండెడ్ ముక్క. సామాన్లు బల్ల మీద పేర్చేటప్పుడు చూస్తే క్యాబినెట్‌తో పాటు వచ్చే రకం, చేత్తో ఎత్తితే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంది, స్టిక్కర్ మీద మాత్రం 500 వాట్లు. "ఇదీ అదే సార్, మీ సిస్టమ్‌కి 200 వాట్లు కూడా పట్టదు" అన్నాడు. లెక్క ప్రకారం అతను అన్నది పెద్ద అబద్ధం కూడా కాదు, ఆ ప్రాసెసర్‌ది 65 వాట్ల రేటింగ్, కార్డుది 132. కానీ కార్డుకి 8 పిన్నుల కనెక్టర్ కావాలి, ఆ డబ్బాకి అది లేనే లేదు, అడాప్టర్ ముక్క తగిలిస్తానన్నాడు. ఆ స్టిక్కర్ మీది 500ని నమ్మి 20 వేల కార్డుని దానికి తగిలించే ధైర్యం నాకు లేదు. పావుగంట వాదించాక గోడౌన్ నుంచి అసలుది తెప్పించాడు. ర్యామ్ కూడా 16 జీబీది ఒకే స్టిక్కు ఇవ్వబోయాడు, రెండైతే డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తుంది, రైజెన్‌కి ఆ తేడా గేముల్లో కనిపిస్తుంది. అది మాత్రం మారు మాట్లాడకుండా మార్చాడు.

ఇక పైఅంతస్తు. ఇరుకు చెక్క మెట్లు ఎక్కితే ఒక గది, ఒక బల్ల, ఒక అన్న. హిందూపురం వైపు మనిషి. బిల్డ్ చేసినందుకు విడిగా ఏమీ తీసుకోరు. చూస్తూ కూర్చుంటానంటే "చూసేదెందుకప్పా, నువ్వే చెయ్, నేను చెప్తా" అన్నాడు. ముందు బోర్డు డబ్బా మీద రైజెన్ 5000 స్టిక్కర్ ఉందా లేదా చూశాడు. బీ450 బోర్డులు 2018 నాటివి, పాత స్టాకైతే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే తప్ప 5600ని గుర్తుపట్టవు. ఉంది. తర్వాత ప్రాసెసర్ నా చేతికిచ్చాడు. ఏఎమ్4 అనే ఈ సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331, ఒక్కటి వంగినా తలనొప్పే. మూల మీది బంగారు త్రికోణం సాకెట్ మీది గుర్తుకి కలిపి వదిలేస్తే దానంతట అదే దిగింది, నొక్కాల్సిన పనే లేదు.

కూలర్ దగ్గర నా పరువు పోయింది. సాకెట్‌కి అటూ ఇటూ రెండు నల్ల ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ స్క్రూలతో బిగించే రకం కాబట్టి వాటిని తీసేయాలి. నాలుగు స్క్రూలూ విప్పానో లేదో, బోర్డు వెనక ఉన్న ఇనుప ప్లేటు టంగుమని బల్ల మీద పడింది. ఆరువేల బోర్డు విరగ్గొట్టాననుకుని ఒళ్ళంతా చెమట. అన్న తల కూడా ఎత్తలేదు. "అది ఊడేదేలే. ఎడం చేత్తో కింద ప్లేటు పట్టుకో, పైనుంచి తిప్పు. ఒకదాన్నే పూర్తిగా బిగించొద్దు, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం." ఏ వీడియో చూసినా ఈ ప్లేటు ఊడుతుందని నాకు గుర్తుండేది కాదు, ఇప్పుడు చచ్చినా మర్చిపోను.

ఇంటికి తెచ్చి కొత్త 165 హెర్ట్జ్ (సెకనుకి 165 సార్లు బొమ్మ మార్చే) మానిటర్‌కి తగిలిస్తే నల్ల తెర. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, బొమ్మ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి టెన్షన్‌తో అన్నకి ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న, "హెచ్‌డీఎంఐ పైన పెట్టినావా, కింద పెట్టినావా?" పైన మదర్‌బోర్డు పోర్టులో పెట్టాను. 5600లో గ్రాఫిక్స్ ఉండదు, కింద కార్డు పోర్టులోనే పెట్టాలి. కన్సోల్‌కి ఉండేదే ఒక్క హెచ్‌డీఎంఐ, మనకి ఇవన్నీ ఎవడు చెప్పాడు? ఇలాంటివే ఇంకో రెండు, షాపులో చేసి ఇస్తే బాగుండేవి చేయలేదు: 3200 ర్యామ్ 2666 దగ్గరే నడుస్తోంది, బయోస్‌లో ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాల్సి వచ్చింది. మానిటర్ కూడా విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోయింది, సెట్టింగ్స్‌లో మార్చేదాకా వారం రోజులు 165 అనుకుని మురిసిపోయాను.

ఆట సంగతి చెప్పాలంటే, జీటీఏ 30 ఫ్రేముల నుంచి 100 దాటాక కారు మలుపు తిప్పినప్పుడల్లా ఏదో నూనె రాసినట్టుంది. ఆన్‌లైన్ ఆడటానికి నెలనెలా పీఎస్ ప్లస్ చందా కట్టక్కర్లేదు. పోయింది ఏంటంటే డిస్కులు, ఆడేశాక ఫ్రెండుకిచ్చి ఇంకోటి తెచ్చుకునే సుఖం స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) లేదు. బోర్డుకి వైఫై, బ్లూటూత్ లేవు, డాంగిల్‌కి ఇంకో 600. పీఎస్4 కంట్రోలర్ కేబుల్‌తో పనిచేస్తుంది గానీ చాలా గేముల్లో తెర మీద ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ లెక్కన "A బటన్ నొక్కు" అంటుంది, చేతిలో క్రాస్ ఉంటుంది. బీ450 బదులు కొత్తరకం బీ550 బోర్డు తీసుకోవాల్సింది, ఆర్ఎక్స్ 6600 కార్డు పెట్టే పీసీఐ స్లాటులో ఎనిమిది లేన్లే (డేటా దారులు) వాడుతుంది కాబట్టి పాత బోర్డు స్లాటులో కొంచెం వేగం పోతుంది. రెండువేలకి కక్కుర్తి పడ్డాను, అది నా తప్పు.

బిల్లు మీద సీరియల్ నంబర్లు లేవని నెల తర్వాత చూసుకుని మళ్ళీ వెళ్ళాను. ఓనర్ విసుక్కుంటూనే కొత్త బిల్లు కొట్టి ప్రతి సామాను పక్కనా నంబర్ వేయించాడు, దానికి అరగంట నిలబెట్టాడు. మొన్న మా పిన్ని కొడుకు ఇదే లిస్టు అడిగితే పంపాను, కానీ 2025 చివర్లో ర్యామ్ రేట్లు పెరిగిన తీరు చూస్తే నా బిల్లు వాడికి పనికిరాదు. "ఐ7 28 వేలకే ఇస్తున్నాడు అన్నయ్యా" అని ఫోటో పంపాడు. అదే అద్దం తలుపు, అవే లైట్లు.