కాలేజీ క్లబ్బా, పేట క్రూనా? నెల్లూరులో హిప్ హాప్‌కి ఏది మేలు

గత రెండు నెలల్లో ఈ ప్రశ్న కావలి నుంచి వచ్చింది, గూడూరు నుంచి వచ్చింది, ఒంగోలు నుంచైతే ముగ్గురు అడిగారు. "అన్నా, మా కాలేజీలో హిప్ హాప్ క్లబ్ పెట్టమంటావా, లేకపోతే బయట మా ఏరియా పిల్లలతో క్రూ, అంటే కలిసి ప్రాక్టీస్ చేసే జట్టు, కట్టమంటావా?" ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అందరికీ ఒకేచోట రాస్తున్నాను. పైగా మొన్న ఎండాకాలంలో నేనూ ఈ రెండిట్లో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. మా కాలేజీ జూనియర్లు వచ్చి, ఆగిపోయిన క్లబ్‌ని మళ్ళీ లేపుతాం, సీనియర్‌గా నువ్వు వెనకుండు అన్నారు. అదే వారంలో మా పేట పిల్లలు, ఆదివారం పొద్దున ప్రాక్టీస్‌కి పెద్దవాడెవరైనా ఉంటే బాగుంటుందన్నా అని ఇంటికొచ్చి అడిగారు. ఉద్యోగం చేసుకుంటూ రెండూ మోయలేను. పేటవైపే వెళ్ళాను. ఎందుకో చెప్తాను, కాకపోతే కాలేజీలో ఉన్న మంచి కూడా దాచను, ఎందుకంటే నాకు బ్రేకింగ్, అంటే హిప్ హాప్‌లోని డాన్స్, పరిచయమైందే అక్కడ.

కాలేజీ క్లబ్‌కి ఉన్న పెద్ద బలం జాగా. సాయంత్రం క్లాసులయ్యాక సెమినార్ హాలు ఖాళీ, నున్నటి గచ్చు, పైన ఫ్యాన్లు, మూలన రెండు పెద్ద స్పీకర్లు, కరెంటు పోతే జనరేటర్. ఫెస్ట్ రోజుల్లో స్టేజీ దొరుకుతుంది, వందల మంది ముందు బ్యాటిల్, అంటే ఎదురెదురుగా డాన్స్ పోటీ, పెట్టుకోవచ్చు, బయట ఊళ్ళ నుంచి జడ్జిని పిలిపిస్తే చార్జీలు కాలేజీ ఇస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. "కాలేజీలో క్లబ్బమ్మా" అంటే అమ్మ ఇంకేమీ అడగదు. అందుకే అమ్మాయిలు రాగలుగుతారు. మా క్లబ్‌లో పదకొండు మందిమి ఉంటే నలుగురు అమ్మాయిలు, అందులో ఒకమ్మాయి టాప్‌రాక్, అంటే నిలబడి వేసే అడుగుల, ముందు మేమెవ్వరం నిలబడేవాళ్ళం కాదు. పేట క్రూలో ఇప్పటికి ఇద్దరే, అదీ అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ నాన్న వెంట వచ్చి గట్టు మీద కూర్చుంటే తప్ప రారు. ఈ విషయంలో కాలేజీదే పైచెయ్యి, నేనేమీ వాదించను.

చదువుకునే పిల్లలు హిప్ హాప్‌కి ఏం చేశారని ఎవరైనా అంటే వాళ్ళకి చెప్పడానికి గట్టి ఉదాహరణలు కూడా ఉన్నాయి. 1988లో హార్వర్డ్‌లో చదివే డేవిడ్ మేస్, జాన్ షెక్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు తమ కాలేజీ రేడియో ప్రోగ్రాం వినేవాళ్ళ కోసం చిన్న న్యూస్‌లెటర్ వేశారు, అదే తర్వాత 'ది సోర్స్' పత్రికయి ర్యాప్ వాళ్ళందరూ తమ పేరు అందులో పడాలని ఎదురుచూసే స్థాయికి వెళ్ళింది. 1990లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీ స్టూడెంట్ రేడియోలో స్ట్రెచ్, బాబిటో అనే ఇద్దరు మొదలుపెట్టిన అర్ధరాత్రి ప్రోగ్రాంలో నాస్, బిగ్గీ, జే-జీ లాంటి ర్యాపర్లు పెద్ద పేరు రాకముందే వచ్చి పాడారు. కాలేజీ చేతిలో మైకుంది, అచ్చు వేసే వీలుంది, నలుగురికీ వినిపించే దారుంది. ఇవేవీ పేటకి ఉండవు.

ఇన్ని ఉన్నా నేను అటు ఎందుకు వెళ్ళలేదంటే, నా దృష్టిలో ఈ మొత్తం లెక్క తేల్చేది ఒకే ఒక్క విషయం. నేర్పినవాడు ఊరు దాటిపోయాక ఆ విద్య అక్కడ ఉంటుందా, వాడితోపాటు పోతుందా?

మా క్లబ్ ఎలా ఆగిపోయిందో చెప్తాను. ఫైనల్ ఇయర్ ఫెస్ట్‌లో మావాడొకడు హాస్టల్ మెస్‌లో పెట్టే సాంబారు మీద నాలుగు లైన్లు ర్యాప్ చేశాడు. బూతు లేదు, ఎవరి పేరూ లేదు, హాలంతా చప్పట్లు. మర్నాడు కాలేజీ వాళ్ళు పిలిచి, ఇకనుంచి పాడే ప్రతి లైనూ ముందుగా రాసిచ్చి సంతకం పెట్టించుకోవాలన్నారు. రెండు వారాల తర్వాత హాలు తాళం ఇవ్వడం మానేశారు. చాలా బాధపడ్డాం. కానీ క్లబ్‌ని చంపింది అది కాదు, తాళం కోసం ఇంకొకరు అడిగి ఉంటే మళ్ళీ దొరికేదే. అడిగేవాడు లేడు. మే నెలలో మా బ్యాచ్ బయటికొచ్చింది, జూన్‌కల్లా ముగ్గురు బెంగళూరు, ఇద్దరు చెన్నై, మిగతావాళ్ళు హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్ళలో కోచింగ్. మా కింద ఉన్న సెకండ్ ఇయర్ వాళ్ళకి మేం నేర్పింది ఫెస్ట్ కోసం కూర్చిన ఆరు నిమిషాల ఐటమ్ ఒక్కటే, అది ఎలా పుట్టిందో, విడిగా ఎలా కట్టుకోవాలో నేర్పలేదు. కాలేజీలో అందరిదీ దాదాపు ఒకే వయసు, అందరూ కలిసే వస్తారు, కలిసే పోతారు. ఉండే నాలుగేళ్ళలో మిడ్ ఎగ్జామ్స్, ల్యాబ్‌లు, ప్లేస్‌మెంట్ టెన్షన్ తీసేస్తే చేతికి మిగిలేది ఏడాదిన్నర, ఆ ఏడాదిన్నరలో ఇంకొకడిని తయారుచేసే ఓపిక చాలామందికి ఉండదు.

ఇప్పుడు పేట సంగతి చూడండి. మా ప్రాక్టీస్ స్టోన్‌హౌస్‌పేటలో ఒక పాత గోడౌన్ ముందున్న సిమెంటు గచ్చు మీద. గచ్చు గరుకు, ఊరికే వీపు పెట్టి తిరిగితే చర్మం లేచిపోతుంది, అందుకని పుట్టినరోజు ఫ్లెక్సీలు అడిగి తెచ్చుకుని, తిరగేసి, తెల్లటి వైపు పైకి వచ్చేలా పరిచి, అంచులన్నీ బ్రౌన్ టేపుతో అంటిస్తాం. పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టాలి, రోహిణి కార్తెలోనైతే ఏడున్నరకే ఆ ఫ్లెక్సీ మీద చెయ్యి ఆనదు. చెమట పడితే జారుతుంది, ఒకడు పాత లుంగీ గుడ్డతో తుడుస్తూనే ఉంటాడు. మొన్న ఆదివారం పదో క్లాసు చదివే కుర్రాడొకడు ఆరో క్లాసు పిల్లాడికి సిక్స్ స్టెప్, అంటే చేతులు నేలకి ఆనించి కాళ్ళు చుట్టూ తిప్పే ఆరు అడుగుల వరస, నేర్పుతున్నాడు. పిల్లాడు కాలు ముందు నుంచి చుట్టి తెచ్చే ప్రతిసారీ చెయ్యి ఎత్తడం మర్చిపోయి కాలూ చెయ్యీ గుద్దుకుంటున్నాడు. పెద్దవాడు మాట్లాడకుండా ఎదురుగా గొంతుకూచుని, వాడి మణికట్టు పట్టుకుని, కాలు వచ్చే క్షణంలో చెయ్యి పైకి లాగడం మొదలుపెట్టాడు. పది సార్లు, పదిహేను సార్లు. తర్వాత వదిలేశాడు, పిల్లాడి చెయ్యి తనంతట తానే లేచింది. ఆ పెద్దవాడికి రెండేళ్ళ క్రితం సరిగ్గా అలాగే నేర్పింది డెలివరీ పని చేసే ఇంకొకడు, వాడిప్పుడు చెన్నైలో ఉన్నాడు. వాడు వెళ్ళిపోయినా ప్రాక్టీస్ ఒక్క ఆదివారం కూడా ఆగలేదు.

కాలేజీలో నాకు ఇది ఎక్కడా కనపడలేదు. పదకొండేళ్ళవాడూ, పదహారేళ్ళవాడూ, మెకానిక్ షెడ్డులో పనిచేసే పాతికేళ్ళవాడూ ఒకే రింగులో నిలబడతారు. మన ఊళ్ళల్లో చెక్కభజన కూడా అంతే కదా, తాత కొడుతుంటే మనవడు పక్కన నిలబడి అడుగు కలుపుతాడు, ఎవరూ సిలబస్ రాసివ్వరు. ఇలా రింగు కట్టి ఒక్కొక్కరే మధ్యలోకి వచ్చి ఆడడాన్నే సైఫర్ అంటాం, అదేంటని మా పేట పెద్దవాళ్ళు అడిగితే నేను చెక్కభజన చూపించే చెప్తాను, వెంటనే అర్థమవుతుంది.

అసలు హిప్ హాప్ పుట్టిందే అలా. 1971 డిసెంబరులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్యాంగులన్నీ కూర్చుని రాజీ మాట్లాడుకున్నాయి, ఆ తర్వాతే ఒక వీధి పిల్లలు ఇంకో వీధి పార్టీకి కాస్త ధైర్యంగా వెళ్ళగలిగారు. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంట్‌లో, కింద ఉన్న కామన్ రూములో, సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల కోసం పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు. పాటలు వేసింది వాళ్ళన్నయ్య, కూల్ హెర్క్. స్టేజీ లేదు, ప్రిన్సిపాల్ సంతకం లేదు, చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలు. కార్నెల్ యూనివర్సిటీ హిప్ హాప్ కలెక్షన్ పెట్టింది 2007లో, ఆ తొలినాటి పార్టీల కరపత్రాలు ఇప్పుడు అక్కడ భద్రంగా ఉన్నాయి. దాచినందుకు ఆ యూనివర్సిటీకి దండం పెట్టాలి, కానీ ఆ కరపత్రాలు పంచింది మాత్రం వీధుల్లోనే.

గోడల మీద అక్షరాలు, బొమ్మలు వేసే గ్రాఫిటీ కూడా హిప్ హాప్‌లో భాగమే, ఆ విషయంలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కాలేజీలో మాకు ఇచ్చింది క్యాంటీన్ వెనక గోడ, అదీ టాపిక్ వాళ్ళే చెప్పారు, మొక్కలు నాటండి అని. పేటలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఫ్లెక్సీలు రాకముందు ట్రంకు రోడ్డులో సగం షాపులకి బోర్డులు రాసినవాడు, ఇప్పుడు చేతిలో పని లేక రోజూ మమ్మల్ని చూస్తూ కూర్చునేవాడు. మా పిల్లలు గోడ మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే గీస్తుంటే ఒకరోజు లేచొచ్చి, "అబ్బయ్యా, తెలుగు రాయండయ్యా, గుండ్రాలన్నీ మనకే ఉండాయి గదా" అని దారానికి సుద్ద పూసి గోడ మీద రెండు గీతలు కొట్టాడు. 'నెల్లూరు' అని రాశాడు. లవత్తుని కిందికి బరువుగా దించి, లూ కొమ్ముదీర్ఘాన్ని పక్కకి సాగదీసి, 'రు' కింద నుంచి తీసుకెళ్ళి చివర బాణంలా తిప్పాడు. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఇప్పుడు ఆయన ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఏ క్లబ్ అయినా ఆయన్ని కాలేజీ గేటు దాటించి లోపలికి తీసుకెళ్ళగలదా?

పేటలో కష్టాలు లేవని అనను. జాగా మనది కాదు, ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. స్పీకర్ పెట్టగానే పక్కింటి వాళ్ళు వచ్చేస్తారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని రూలే ఉంది, అందుకే మేం ఆరు దాకా ఫోన్‌లోనే పాట పెట్టి, కౌంటు నోటితో చెప్పుకుంటాం. డబ్బులు తలా వంద వేసుకుంటే వస్తాయి. అది కూడా ఇవ్వలేని పిల్లలున్నారు, వాళ్ళది మేం వేస్తాం. పండగ వచ్చిందంటే ఎవరో ఒకరు వచ్చి మీ షోకి నేను ఖర్చు పెడతా, నా ఫొటో వెయ్యండి అంటారు, అక్కడ గట్టిగా వద్దని చెప్పలేకపోతే క్రూ వాళ్ళ చేతికి పోతుంది. దెబ్బలు తగిలితే చూసుకోవడానికి కాలేజీలో అయితే డిస్పెన్సరీ ఉంటుంది, ఇక్కడ ఐస్ ముక్క, క్రేప్ బ్యాండేజీ మనమే పెట్టుకోవాలి. ఫ్లిప్స్, అంటే గాల్లో పల్టీలు, గచ్చు మీద చెయ్యనివ్వను, నెలకోసారి మైపాడు బీచ్‌కి తీసుకెళ్ళి ఇసకలో వేయిస్తాను. ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉంది.

డాన్స్ ఇన్‌స్టిట్యూట్ మాటేంటని కూడా అడిగారు. ఫీజు కట్టి బేసిక్స్ నేర్చుకోవడానికి మంచిదే, కానీ అక్కడ పెళ్ళి సంగీత్‌లు, టీవీ షో ఆడిషన్లు చూసుకుంటారు, హిప్ హాప్ అందులో ఒక ఐటమ్. యూట్యూబ్ చూసి ఇంట్లో ఒక్కరే నేర్చుకోవడం ఎవరూ లేని ఊళ్ళో ఉన్నవాళ్ళకి, అంతవరకే.

పేటలో కట్టాలనుకునేవాళ్ళు వెంటనే సంఘం రిజిస్టర్ చెయ్యాలా అని టెన్షన్ పడొద్దు. 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చేయించుకోవచ్చు, మున్సిపల్ పార్కు లాంటివి అడగడానికి ఆ కాగితం పనికొస్తుంది, కానీ ముందు ఒక ఏడాది ఆదివారాలు తప్పకుండా నడపండి. పిల్లల ఇళ్ళకి మీరే వెళ్ళి మాట్లాడండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ పెట్టారని, ఆడపిల్లల్లో జపాన్ అమ్మాయి ఆమి గోల్డ్ కొట్టిందని ఫోన్‌లో వీడియో చూపించండి, చాలామంది నాన్నలు అక్కడే మెత్తబడతారు. 2028 లాస్ ఏంజెలెస్‌లో ఈ పోటీ లేదని కూడా చెప్పండి, లేని ఆశ పెట్టొద్దు.

కాలేజీయే బాగా కుదిరే చోటు కూడా ఒకటుంది. ఒంగోలు తమ్ముళ్ళలో ఒకడు ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. అక్కడ పదో క్లాసు కాగానే చేరతారు, ఆరేళ్ళుంటారు, పీయూసీ, అంటే ఇంటర్ స్థాయి, పిల్లాడికి ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ వాడు నేర్పే వీలుంది, కాబట్టి నేను పైన చెప్పిన లెక్క అక్కడ వర్తించదు. తమ్ముడూ, నువ్వు లోపలే పెట్టుకో.

కావలి నుంచి అడిగిన చెల్లెమ్మకి కూడా ఇప్పటికి కాలేజీలోనే మొదలుపెట్టమని చెప్తాను. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లో ఒప్పుకోరని రాశావు, ఆ హాలు నీకు అవసరం. కాకపోతే మొదటి నెల నుంచే ఇద్దరు ఫస్ట్ ఇయర్ వాళ్ళని పక్కన పెట్టుకుని నేర్పు, శనివారం మధ్యాహ్నాలు దగ్గర్లో ఉన్న గవర్నమెంటు హైస్కూలు హెడ్‌మాస్టర్‌ని అడిగి అక్కడి పిల్లలకి ఒక గంట క్లాసు తీసుకో. మీ నాన్నగారితో మాట్లాడమంటే మాట్లాడతాను. లేదా ఒక ఆదివారం ఆయన్నే తీసుకుని మా ప్రాక్టీస్‌కి రా, ఇక్కడి అక్కాచెల్లెళ్ళ నాన్న గట్టు మీదే ఉంటాడు, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు.