గొలుసు కవచమా, రేకుల కోటా, నిండు ఉక్కు కవచమా: బరిలోకి దిగేవారికి ఏది మేలు?

మధ్యయుగపు పోరాటాన్ని ఆటగా ఆడదామని వచ్చేవాళ్ల మనసులో మామూలుగా రెండు బొమ్మల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, తల నుంచి కాలి వేళ్ల దాకా మెరిసే ఉక్కు. రెండోది, మోకాళ్ల దాకా వేలాడే గొలుసు కవచం, పైన ఓ శిరస్త్రాణం. చరిత్రలో ఈ రెండింటికీ నడుమ వచ్చిన రకం ఇంకోటి ఉంది: గుడ్డకో తోలుకో లోపలివైపు ఇనుప రేకులు పేర్చి, బయటి నుంచి రివెట్లు కొట్టిన రేకుల కోటు. ఫొటోల్లో ఇది అంత గొప్పగా కనపడదు. అయినా మొదటి కవచంగా నా ఓటు దీనికే. బరువు, ఖర్చు లెక్కల జోలికి పోకముందే రెండు ప్రశ్నలు వేసుకోండి. మన మీద పడబోయే దెబ్బ ఎలాంటిది? మనం నకలు తీయబోయే అసలు వస్తువు గురించి తెలిసింది ఎంత?

ముందు దెబ్బ సంగతి. ఈ ఆటలో శాఖలు చాలా ఉన్నాయి. 1966లో కాలిఫోర్నియాలో పుట్టిన ఎస్‌సీఏ (సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం) అనే సంఘంలో కత్తి బదులు పేము కర్ర వాడతారు. బుహుర్ట్‌లో మొండి అంచుల ఉక్కు ఆయుధాలతో జట్లు జట్లుగా కలియబడతారు, పొడవడం మాత్రం నిషేధం. హెమా (పాత యూరప్ యుద్ధవిద్యల సాధన) వాళ్లలో ఎక్కువమంది ఫెన్సింగ్ మాస్కు, మెత్తటి జాకెట్టుతోనే సరిపెట్టుకుంటారు. 1410 ప్రాంతంలో ఇటలీలో ఫియోరె దెయ్ లిబెరి అనే యుద్ధవిద్యల గురువు రాయించిన పాఠాల్లో ఉన్నట్టు కవచం తొడిగి పోరాడటం నేర్చుకునేవాళ్లు వాళ్లలో కొద్దిమందే.

మధ్యయుగపు యోధుడి భయం వేరు. ఈటె మొన, బాణం, చంకలోనో ముసుగు సందులోనో దిగే బాకు, వీటికి జవాబుగా అతని కవచం పుట్టింది. బుహుర్ట్ ఆడేవాడి ఒంట్లోకి మొన దిగదు. అతనికి పడేవి నెత్తి మీద గొడ్డలి మొద్దు దెబ్బలు, వేళ్ల మీద, మోకాలి పక్కన, మెడ వెనక దెబ్బలు, పైగా కిందపడితే మీద ఇద్దరు. అతనికి కావలసింది ఎముకను కాచే గట్టి పలక, దాని కింద దెబ్బను మింగే మెత్త.

ఇక్కడే గొలుసు కవచం వెనకబడుతుంది. కోతను అది చక్కగా ఆపుతుంది, ఆ పని శతాబ్దాలు చేసింది. మొద్దు దెబ్బను మాత్రం జల్లెడ నీళ్లను ఆపినట్టే ఆపుతుంది. ఉక్కు రింగులు దెబ్బతో పాటే వంగి, ఆ బలాన్ని నేరుగా కింది మెత్తకు, అక్కడి నుంచి పక్కటెముకకు అప్పగిస్తాయి. అందుకని గొలుసు కవచం ఒక్కటే తొడుక్కుని ఉక్కు ఆయుధాల బరిలోకి దిగాలంటే కింద మందపాటి గాంబెసన్ (మెత్త కుట్టిన కోటు) తప్పదు, చాలామంది దానికింద రహస్యంగా ప్లాస్టిక్ పలకలూ పెట్టుకుంటారు. అప్పుడిక కాపాడుతున్నది ప్లాస్టిక్. రింగులది అలంకారం, 10 నుంచి 14 కిలోల అలంకారం. ఆ బరువంతా భుజాల మీదే వేలాడుతుంది. నడుముకు బెల్టు బిగించి, పైభాగాన్ని కాస్త పైకి లాగి వదిలితే కొంత బరువు తుంటి మీదకు దిగుతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజే ఎవరైనా చెప్పాల్సిన కిటుకు ఇది.

గొలుసు కవచం చవకని చాలామంది అనుకుంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. చవగ్గా దొరికే గొలుసు కవచంలో తీగను చుట్టి రెండు కొసలూ ఎదురెదురుగా ఆనించి వదిలేస్తారు. గట్టిగా లాగితే నోరు తెరుచుకుంటుంది, ప్రతి ఆట తర్వాత గచ్చు మీద రింగులు ఏరుకోవాలి. యూరప్‌లో దొరికిన అసలు కవచాల్లో కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి, చదును చేసి, చిల్లు పొడిచి, చిన్న రివెట్ కొట్టేవారు. పాతవాటిలో రివెట్ రింగుల వరుస ఒకటి, అతుకే లేని నిండు రింగుల వరుస ఒకటి వచ్చేవి. ప్రతి రింగులోంచీ చుట్టూ ఉన్న నాలుగు రింగులు దూరతాయి. ఒక చొక్కాకు వేల మీద వేల రింగులు. ఆ పని చేతులతో చేసి చూడాలని ఎవరికైనా ఉంటే ముందు మెడపట్టీతో మొదలుపెట్టడం మంచిది. చొక్కాతో మొదలుపెట్టినవాళ్ల చొక్కాలు ఎక్కువగా పెట్టెల్లోనే ఉంటాయి, సగం చేతులతో.

ఇక నిండు ఉక్కు కవచం. దీని బరువు మీద ఉన్నన్ని అబద్ధాలు మరి దేనిమీదా లేవు. గుర్రమెక్కడానికి కప్పీ కావాలన్న కథ ఇంకా బతికే ఉంది. యుద్ధానికి తొడిగిన 15వ శతాబ్దపు కవచం మొత్తం కలిపి 20 నుంచి 25 కిలోలు తూగుతుంది, అదీ ఒళ్లంతా పంచుకుని. ఎదురెదురుగా గుర్రాలు దుమికించే పోటీల కవచాలు అంతకన్నా చాలా బరువు. మ్యూజియంలో వాటిని చూసినవాళ్ల నోట పుట్టిన కథలే చాలా వరకు ఇవి.

అలాగని ఆ బరువు ఊరికే పోయేదీ కాదు. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రహమ్ ఆస్క్యూ బృందం నకలు కవచాలు తొడిగిన నలుగురిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిచింది. ఆ ఫలితాలు 2011లో బయటికొచ్చాయి. మామూలు నడకతో పోలిస్తే 2.1 నుంచి 2.3 రెట్లు శక్తి ఖర్చయింది, పరుగుకు 1.9 రెట్లు. కారణాల్లో పెద్దది కాళ్లకు కట్టిన ఉక్కు: వీపున మోసే బరువు ఊరికే కూర్చుంటుంది, కాలి మీది బరువును ప్రతి అడుగుకూ ఊపాలి. రెండోది, ఛాతీ పలక లోపల ఊపిరి నిండా తీసుకోలేక పొట్టి పొట్టి శ్వాసలతో నెట్టుకురావడం. బరిలో రెండో నిమిషానికే ముసుగు ఎత్తేసుకునేవాళ్లను చూస్తే ఇది లెక్కలు లేకుండానే అర్థమవుతుంది.

దెబ్బను ఆపడంలో దీనికి సాటి లేదు, అందులో అనుమానం అక్కర్లేదు. చిక్కంతా కొలతల దగ్గర. ఛాతీ పలక కింది అంచు మనిషి ఒళ్లు వంగే చోట, బొడ్డుకు కాస్త పైన, ఆగాలి. రెడీమేడ్‌గా వచ్చేవి తరచూ రెండు మూడు వేళ్లు పొడుగుంటాయి. వంగగానే కింది అంచు తుంటిని నొక్కుతుంది, పై అంచు గడ్డానికి తగులుతుంది. మోకాలి కీలు అసలు మోకాలికన్నా కాస్త కిందికి జారినా కాలు మడవదు. చేతుల, కాళ్ల కవచాలను మోసేది లోపలి కోటు. 15వ శతాబ్దం నడుమ ఇంగ్లిష్‌లో రాసిన ఒక చేతిరాత, ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో ఉంది, నేల మీద పోరాడబోయే యోధుణ్ణి ఎలా సిద్ధం చేయాలో వరుసగా చెబుతుంది: చొక్కా వద్దు, శాటిన్ అస్తరు వేసిన ఫస్టియన్ గుడ్డ కోటు తొడుగు, దానికి నిండా చిల్లులు, చంకలోనూ మోచేతి మడతలోనూ గొలుసు ముక్కలు కుట్టు, కవచం కట్టే తాళ్లకు మైనం పట్టించు. ఇంత శ్రద్ధగా లోపలి కోటు కుట్టించుకోకుండా ఉక్కు మీద డబ్బంతా పోసేవాళ్లే ఎక్కువ. తర్వాత చేయి పైకెత్తలేకపోతున్నాం అని ఉక్కును తిడతారు.

ఇప్పుడు రేకుల కోటు దగ్గరికి వద్దాం. దీని గురించి ఇంత తెలియడానికి కారణం ఒక ఘోరం. 1361 జులై 27న డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ సైన్యం బాల్టిక్ సముద్రంలోని గాట్లాండ్ దీవిలో విస్బీ పట్టణం గోడల ముందు ఊళ్ల రైతుల దండును ఊచకోత కోసింది. పట్టణం తలుపులు తెరవలేదు. ఎండాకాలం, శవాల గుట్టలు, వాటిని ఒలిచే తీరిక లేక చాలామందిని కవచాలతోనే గుంతల్లో పూడ్చేశారు. 1905లో మొదలైన తవ్వకాల్లో దాదాపు 1,200 మంది ఎముకలు, వాటితో పాటు పాతిక దాకా ఒంటి కవచాలు, పుర్రెల మీదే తుప్పుపట్టి అతుక్కుపోయిన గొలుసు టోపీలు, ఇనుప చేతొడుగులు బయటపడ్డాయి. స్వీడన్ పురావస్తు శాస్త్రవేత్త బెంగ్ట్ థోర్డెమాన్ వాటిని రేకు రేకుగా కొలిచి, రకాలుగా విడదీసి 1939లో అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. సామాన్య సైనికులు తొడిగిన కవచాలు ఇన్ని, తేదీతో సహా, ఒకేచోట దొరకడం చాలా అరుదు.

నకలు తీసేవాడికి ఇది బంగారు గని. రేకుల ఆకారం, అవి ఒకదానిమీద ఒకటి ఎక్కే తీరు, రివెట్ల చోట్లు, బకిల్ ఎక్కడుందో అన్నీ గీసి ఉన్నాయి. కొన్ని కోట్లలో పెద్ద రేకులు కొద్దిగా ఉంటే, కొన్నింటిలో చిన్న రేకులు వందల్లో. కొత్తవాళ్లు పెద్ద రేకుల రకం పట్టుకోవాలి. రేకులు కోయడం, సుత్తితో కొద్దిగా వంపు తీయడం, అంచులు రాయడం, చిల్లులు పెట్టడం, రివెట్ కొట్టడం, ఇంతే పని. ఛాతీ పలకను గిన్నెలా లోతుగా కొట్టాలంటే ఏళ్ల అనుభవం కావాలి. ఇక్కడ ఓపిక ఉంటే చాలు.

ఒళ్లు లావైనా సన్నబడినా పట్టీలు ఒక చిల్లు అటూ ఇటూ మార్చుకుంటే సరిపోతుంది. రేకులు ఒకదానిమీద ఒకటి జారుతాయి గనుక ఊపిరి ఆడుతుంది. రేకు వంగితే ఆ ఒక్కటే విప్పి సుత్తి దెబ్బలు వేసి మళ్లీ రివెట్ కొట్టొచ్చు. పైన గుడ్డ కప్పి ఉంటుంది గనుక లోపల ఏ ఉక్కు వాడారో ఎవరికీ తెలియదు. కాకపోతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బయట కనపడే రివెట్ తలల వరుసలు లోపల రేకుల అంచులు ఎక్కడున్నాయో చెప్పేస్తాయి. నాటకాల దుస్తుల్లో లాగా అందం కోసం రివెట్లు చల్లితే, తెలిసినవాడు అరక్షణంలో పట్టేస్తాడు.

లోపాలూ ఉన్నాయి. భుజాలు, చంకలు, పొత్తికడుపు కింద సందులు ఎక్కువ. చెమటకు గుడ్డ కుళ్లుతుంది, రేకుల లోపలివైపు తుప్పు కనపడకుండా పాకుతుంది. ఇది కాచేది ఒంటిని మాత్రమే. విస్బీ ఎముకల్లో కాళ్ల మీద కత్తి గాట్లు విపరీతంగా ఉన్నాయి, మోకాలి కింద తెగిపోయిన కాళ్లూ ఉన్నాయి. పైకోటు కుట్టి కాళ్లు మర్చిపోయేవాళ్లు ఆ ఎముకల ఫొటోలు ఒకసారి చూడాలి.

విస్బీని గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. 1361 అనేది పూడ్చిన తేదీ, తయారైన తేదీ కాదు. తాతల కాలం నాటి కోటు తొడుక్కుని వచ్చిన రైతులూ ఆ గుంతల్లో ఉండొచ్చు. పైగుడ్డ దాదాపు అంతా మట్టిలో కలిసిపోయింది. అందుకే తవ్వకాల పక్కన శిల్పాన్ని పెట్టుకోవాలి. మాగ్డెబుర్గ్ కెథెడ్రల్‌లో 13వ శతాబ్దం నడుమ చెక్కిన సెయింట్ మారిస్ విగ్రహం గొలుసు కవచం మీద ఇలాంటి కోటే తొడుక్కుని ఉంటుంది. కాళ్లూ చేతుల కోసం ఫ్రాంక్‌ఫర్ట్ కెథెడ్రల్‌లో, 1349లో చనిపోయిన గ్యుంటర్ ఫాన్ ష్వార్ట్స్‌బుర్గ్ సమాధి శిల్పం చూడండి. తోలు మీద నిలువుగా ఇనుప బద్దలు బిగించిన కవచం అక్కడ స్పష్టంగా ఉంది, చేయడమూ తేలికే.

ఆధారాల్లో ఏది మేలంటే, నాకైతే వరుస ఇదే: తవ్వకంలో దొరికింది, తర్వాత సమాధి శిల్పం, తర్వాత మ్యూజియం కవచం, చివర చిత్రం. మ్యూజియం కవచాన్ని మూడో చోట పెట్టడం చాలామందికి నచ్చదు. వాటిలో చాలా వరకు వేర్వేరు కవచాల ముక్కలతో కూర్చినవి, 19వ శతాబ్దంలో బాగుచేసినవి, తరతరాలు రుద్ది పలచబడినవి. పైగా మిగిలినవి ధనవంతులవే. గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉన్న 1440 ప్రాంతపు మిలాన్ కవచం లాంటిది దాదాపు నిండుగా మిగలడం అరుదు. శిల్పాలకు ఉన్న ఇబ్బంది వేరు: పడుకుని ఉంటాయి, వీపు కనపడదు. వార్విక్‌లో 1439లో చనిపోయిన రిచర్డ్ బోషాంప్ కంచు విగ్రహం మాత్రం ప్రత్యేకం. దాని వీపునకూ పట్టీలు, బకిళ్లు అన్నీ పోత పోశారు. నిండు కవచం చేయించేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. చిత్రకారులేమో బైబిల్ నాటి రాజులకు కూడా తమ కాలపు కవచాలు తొడిగించేవాళ్లు. బట్టల రంగుకు, తొడిగే తీరుకు వాళ్లు పనికొస్తారు, రివెట్ల లెక్కకు కాదు.

ఉక్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రేకుల కోటుకు ఒకటిన్నర మిల్లీమీటరు మామూలు మెత్తటి ఉక్కు చాలు, వంగితే సరిచేసుకోవచ్చు. స్ప్రింగ్ స్టీల్‌ను కాల్చి గట్టిపరిస్తే ఇంకా పలచగా వాడొచ్చు, ఖర్చు పెరుగుతుంది. టైటానియం బరువులో ఉక్కుకు సగం కన్నా కాస్త ఎక్కువ, గుడ్డ కింద దాక్కుంటుంది. చరిత్ర మీద ప్రేమతో వచ్చినవాడికి అది గుచ్చుకుంటుందా లేదా అన్నది అతని ఇష్టం.

13వ శతాబ్దం, లేదా అంతకు ముందటి వేషమే కావాలనుకునేవాళ్లు గొలుసు కవచమే తీసుకోవాలి, కానీ రివెట్ కొట్టినది, మెత్తటి ఆయుధాల ఆటకు. ఫియోరె పాఠాలను కవచంతో సాధన చేసేవాళ్లకు నిండు ఉక్కు తప్పదు. సందులు ఎక్కడున్నాయో తెలియకపోతే ఆ పాఠాలకు అర్థమే లేదు. మిగతావాళ్లంతా 1350, 1360ల నాటి ఒకే ప్రాంతపు వస్తువులు పట్టుకోండి: ముసుగున్న బాసినెట్ శిరస్త్రాణం, రేకుల కోటు, ఇనుప బద్దల కాళ్ల కవచం. డబ్బు తక్కువైతే కోటు మీద తగ్గించండి, తలకూ వేళ్లకూ పెట్టేదాంట్లో తగ్గించొద్దు. శిరస్త్రాణం కనీసం రెండు మిల్లీమీటర్ల ఉక్కుతో, లోపల మెత్తతో, గడ్డం కింద పట్టీతో ఉండాలి. కోటును మాత్రం చలికాలం ఖాళీ సాయంత్రాల్లో మీరే చేసుకోవచ్చు.