కుబర్నెటిస్: ఎక్కించడం హాయి, దించడమే తలనొప్పి

మాదాపూర్‌లో మా టీమ్‌కి ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ రిలీజ్ అంటే శనివారం అర్ధరాత్రి జాగారం. ఇప్పుడు లంచ్‌కి వెళ్లేలోపే కానిచ్చేస్తున్నాం. యాప్‌లను కంటైనర్లనే ప్యాకెట్లలో పెట్టి చాలా సర్వర్ల మీద నడిపే కుబర్నెటిస్‌ని 1.15 వెర్షన్ నాటి నుంచి వాడుతున్నాను కాబట్టి కొత్త మోజుతో రాస్తున్న రివ్యూ కాదిది.

సర్వీసుల్ని (యాప్‌లోని విడివిడి భాగాల్ని) ఒకదానితో ఒకటి కలపడంలో దీనికి వంక పెట్టలేను. పాడ్ (యాప్ కాపీ ఒకటి నడిచే గూడు) పోయి కొత్తది వచ్చినప్పుడల్లా ఐపీ అడ్రస్ మారిపోతుంది. పాడ్ల ముందు ఒక ‘సర్వీస్’ (మారని చిరునామా) పెట్టేస్తే మిగతావాళ్లు ‘పేమెంట్స్’ అని పేరుతో పిలిస్తే చాలు, పేరు చెబితే అడ్రస్ వెతికిచ్చే కోర్‌డీఎన్‌ఎస్ చూసుకుంటుంది. జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) వాడేవాళ్లకు మాత్రం ఓ మెలిక ఉంది. ట్రాఫిక్‌ని పాడ్లకు మళ్లించే క్యూబ్‌ప్రాక్సీ పంచేది కనెక్షన్లను, రిక్వెస్టులను కాదు. జీఆర్‌పీసీ ఒకసారి పట్టుకున్న కనెక్షన్‌ని ఓ పట్టాన వదలదు. లోడ్ పెరిగిందని పాడ్లు పెంచితే పాతవి చెమటలు కక్కుతుంటాయి, కొత్తవి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. హెడ్‌లెస్ సర్వీస్ (నేరుగా పాడ్ల ఐపీలే ఇచ్చేది) పెట్టి, పిలిచే క్లయింట్ వైపు రౌండ్ రాబిన్ (వంతులవారీగా పంచడం) ఆన్ చేశాక గానీ మాకు కుదుటపడలేదు.

అప్‌డేట్లలో ఎక్కించే భాగం బ్రహ్మాండం. ఇమేజ్ ట్యాగ్ (యాప్ ఏ వెర్షనో చెప్పే గుర్తు) మార్చగానే కొత్త పాడ్లు వస్తూ పాతవి తప్పుకుంటాయి. డిఫాల్ట్‌గా పాడ్ల సంఖ్య 25 శాతం ఎక్కువ, 25 శాతం తక్కువ దాకా సర్దుకుంటుంది. పేమెంట్స్‌కి మేం ‘తక్కువ’ని సున్నా చేశాం. రెడీనెస్ ప్రోబ్ (పాడ్ పనికి సిద్ధమో కాదో చూసే పరీక్ష) ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తే, పైకి లేవని బిల్డ్ వెళ్లినా రోలౌట్ (కొత్త వెర్షన్ ఎక్కించడం) అక్కడే ఆగిపోతుంది. ‘రోలౌట్ అన్‌డూ’ కొడితే పాత వెర్షన్ వచ్చేస్తుంది. డేటాబేస్‌లో చేసిన మార్పులు రావు, అది వేరే కథ.

పాత పాడ్లను దించేటప్పుడే అసలు టెన్షన్. పాడ్‌కి సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సంకేతం) పంపడం, ఎండ్‌పాయింట్ల జాబితాలోంచి (రిక్వెస్టులు వెళ్లాల్సిన పాడ్ల జాబితా) దాన్ని తీసేయడం రెండూ ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. ఆ కబురు అన్ని నోడ్లకూ (సర్వర్లకూ) చేరేలోపే యాప్ దుకాణం కట్టేస్తే, మధ్యలో వచ్చిన రిక్వెస్టులు గాల్లో కలిసినట్టే. గ్రాఫ్ అంతా పచ్చగా ఉన్నా, ప్రతి రిలీజ్‌కీ కొన్ని 502 ఎర్రర్లు కనిపించేవి. ప్రీస్టాప్‌లో (పాడ్ ఆగేముందు నడిచే స్టెప్‌లో) 10 సెకన్ల స్లీప్, అంటే ఊరికే ఆగడం, పెట్టాక పోయాయి. ఆ పది సెకన్లూ పాడ్ ఆగడానికిచ్చే 30 సెకన్ల డిఫాల్ట్ గడువులోంచే పోతాయి, చూసుకోండి. 1.30 వెర్షన్ నుంచి ఈ స్లీప్‌కి కంటైనర్‌లో షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు. ఇన్నేళ్లయినా దీన్ని డిఫాల్ట్ ఎందుకు చెయ్యరో!

ఇంకో చిన్న చిరాకు: కాన్ఫిగ్‌మ్యాప్ (యాప్ సెట్టింగులు ఉండే చోటు) మార్చినా, వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా (మొదలయ్యేటప్పుడే అందే విలువలుగా) తీసుకున్న పాడ్లకు ‘రోలౌట్ రీస్టార్ట్’ కొట్టేదాకా తెలియదు.

కూకట్‌పల్లిలో చిన్న యాప్ నడిపే మా బావమరిది అడిగితే మాత్రం వద్దన్నాను. రెండు సర్వీసులకు ఒక వీఎం (వర్చువల్ మెషిన్), ఒకే మెషిన్‌లో కంటైనర్లు నడిపే డాకర్ కంపోజ్ చాలు. కుబర్నెటిస్ సెట్టింగులు రాసే ఈ యామల్ ఫైళ్లు చూసుకోవడానికే ఇంకో మనిషిని పెట్టుకోవాలి.