మాస్టడాన్‌లో మూడేళ్లు: హంసపాదు ఎక్కడ పడుతోంది?

2022 నవంబరు మొదట్లో ట్విటర్ లాంటి సామాజిక వేదిక మాస్టడాన్‌లో ఖాతా తెరిచాను. ఎలాన్ మస్క్ ట్విటర్‌ను కొనడం పూర్తయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. జనం మూటాముల్లె సర్దుకుని బయలుదేరుతుంటే నేనూ వారి వెంట నడిచాను. చాలామంది నెల తిరక్కుండానే వెనక్కి వెళ్లిపోయారు. నేను ఉండిపోయాను, ఉండిపోయినవాళ్లకు పట్టే పిచ్చి నాకూ పట్టింది: కనిపించిన ప్రతివారినీ ఇందులో చేర్పించడం. ఇప్పటివరకు పదకొండు మందిని దగ్గర కూర్చుని చేర్పించాను. నిలిచినవారు నలుగురు. ఈ సమీక్షలో ఉన్న తెలివి ఏదైనా ఉంటే అది చాలావరకు వెళ్లిపోయిన ఆ ఏడుగురు నేర్పిందే.

మొదటి వ్యక్తికి నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దీన్ని యూజీన్ రోచ్కో 2016లో మొదలుపెట్టాడనీ, ఇది ఒక కంపెనీ చేతిలోని ఒక్క సైటు కాదనీ, వేల సర్వర్లు దేనికదే నడుస్తూ యాక్టివిటీపబ్ అనే ఒడంబడిక ద్వారా మాట్లాడుకుంటాయనీ, ఆ ఒడంబడికకు 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ముద్ర వేసిందనీ చెప్పుకుంటూ పోయాను. ఈమెయిలుతో పోలిక కూడా తెచ్చాను. ఆయన ఓపికగా విని, చివరికి "ఇంతకీ నేను ఎక్కడ నొక్కాలి?" అని అడిగాడు. నొక్కాడు, చేరాడు, మూడో రోజున మానేశాడు. ఉపన్యాసంలో తప్పు ఒక్కటీ లేదు. అది ఆయనకు అవసరం లేదు, అంతే.

మా బాబాయి విషయంలో చిక్కు ఇంకా ముందే వచ్చింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, పక్షుల ఫోటోలు తీస్తాడు. నేను సర్వర్ల జాబితా తెరిచి "నచ్చినది ఎంచుకో బాబాయ్" అన్నాను. ఆయన ఒకదాన్ని నొక్కితే, ఎందుకు చేరదలచుకున్నారో రాయండి, పరిశీలించి చెబుతాం అని వచ్చింది. "ముప్పై ఏళ్లు పిల్లల దరఖాస్తులు చూశాను, ఇప్పుడు నేను రాసుకోవాలా?" అని ఫోను నా చేతిలో పెట్టేశాడు. దొంగ ఖాతాలను ఆపడానికి ఆ ప్రశ్న మంచి అడ్డుకట్టే. కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషికి అది పరీక్షలా కనిపిస్తుంది. 2023 నుంచి మాస్టడాన్ యాప్ తన సొంత పెద్ద సర్వరునే ముందుకు తెచ్చి, అందులో నేరుగా చేరే బటన్ పెట్టింది. అందరూ ఒక్కచోటే గుమిగూడితే ఇక వికేంద్రీకరణ ఏముందని పాతకాపులు గొణిగారు. వారి మాటలో న్యాయం ఉంది, అయినా నా ఓటు ఆ బటన్‌కే. కొత్తవారికి జాబితా ఇవ్వకండి, ఒక్క పేరు ఇవ్వండి. మీరున్న సర్వరు బాగుంటే అదే ఇవ్వండి.

బాగుండటం అంటే ఏమిటో నాకు దెబ్బ తగిలాక తెలిసింది. నేను మొదట చేరిన చిన్న సర్వరును ఒక ఔత్సాహికుడు ఒంటరిగా నడిపేవాడు. ఒక రోజు పైన ఎర్రటి పట్టీలో నోటీసు వచ్చింది: రెండు వారాల్లో మూసేస్తున్నాను, క్షమించండి. పాపం, ఖర్చూ చాకిరీ రెండూ ఆయనవే, తిట్టడానికి మనసు రాలేదు. కొత్త సర్వరులో ఖాతా తెరిచి, పాతదాని నుంచి మార్పిడి పెడితే నన్ను అనుసరించేవారు వాళ్లంతట వాళ్లే ఇటు వచ్చేశారు. నేను అనుసరించేవారి జాబితాను ఫైలుగా దించుకుని ఇక్కడ ఎక్కించాను. పోస్టులు మాత్రం రాలేదు. వాటిని మూటగా దాచుకోవచ్చు గానీ కొత్త ఇంట్లో పరచుకోలేం. మాస్టడాన్ తన అధికారిక జాబితాలో చోటివ్వాలంటే సర్వరు కొన్ని మాటలు ఇవ్వాలి: మూసేటట్లయితే కనీసం 3 నెలల ముందు చెప్పడం, రోజూ బ్యాకప్ తీయడం, అత్యవసరంలో చేయి వేయగలిగినవారు ఒకరికి మించి ఉండటం. ఇప్పుడు నేను ఎవరికైనా సర్వరు చెప్పేముందు చూసేవి ఈ మూడే.

అసలు హంసపాదు పడేది చేరడంలో కాదు, చేరిన తర్వాతి నిమిషంలో. హోమ్ పేజీ తెరిస్తే ఏమీ ఉండదు. వేరే వేదికల్లో మనం ఎవరినీ అనుసరించకపోయినా యంత్రం ఏదో ఒకటి వండి వడ్డిస్తుంది. ఇక్కడి హోమ్‌లో మనం ఎంచుకున్నవారి పోస్టులే, అవి వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే గుణం ఇదే, కొత్తవారిని తరిమేసే గుణమూ ఇదే. వెళ్లిపోయిన ఏడుగురిలో ఐదుగురు చెప్పిన మాట ఒక్కటే: "అక్కడ ఎవరూ లేరు." ఉన్నారు. గోడ అవతల ఉన్నారు.

అందుకే బాబాయితో రెండోసారి కూర్చున్నప్పుడు పద్ధతి మార్చాను. హోమ్ పేజీ వైపు పోనివ్వలేదు. ముందు పక్షులకు సంబంధించిన నాలుగు హ్యాష్‌ట్యాగ్‌లను అనుసరించేలా చేశాను. 2022 నవంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి మనుషుల్నే కాదు, హ్యాష్‌ట్యాగ్‌లనూ అనుసరించవచ్చు. తర్వాత మంచి ఫోటోలు పెట్టేవారిని ఒక్కొక్కరినీ ఆయనే చూసి ఎంచుకున్నాడు. ముప్పై మంది అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు పొద్దున్నే ఫోను: "ఒరేయ్, రాత్రంతా ఎవరో గుడ్లగూబల్ని పెడుతూనే ఉన్నారురా!" ఆ క్షణంలో ఆయన నిలిచిపోయాడని నాకు అర్థమైంది. ఒక్క జాగ్రత్త: మన సర్వరుకు చేరిన పోస్టులే హ్యాష్‌ట్యాగ్‌లో కనిపిస్తాయి. పది మంది ఉన్న బుల్లి సర్వరులో ఇదే పని చేస్తే రెండు పిచ్చుకలు మాత్రమే వచ్చేవేమో.

ఆ నలభై నిమిషాలు అందరికీ ఇవ్వలేం కదా అని నలభై ఖాతాల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా, అంటే మామూలు పట్టిక లాంటి ఫైలుగా, తయారుచేసుకున్నాను. కొత్తవారు దాన్ని ఎక్కిస్తే ఒక్క దెబ్బకు నలభై మందిని అనుసరించినట్టే. ఈ పని కోసం యాప్‌లో వెతికి విసుగుపడకండి, బ్రౌజరులో సెట్టింగులకు వెళ్లాలి. అక్కడ రెండు ఎంపికలు ఉంటాయి: ఉన్నవాటికి కలపడం, పాతవాటిని తీసేసి కొత్తవి పెట్టడం. ఒక స్నేహితురాలి ఖాతాలో నేను తొందరపడి రెండోది నొక్కాను. ఆమె వారం రోజులు ఏరుకున్న అరవై మంది ఎగిరిపోయి నా నలభై మంది మిగిలారు. ఆమె ఇంకా ఉంది, ఆ సంగతి ఇంకా గుర్తుచేస్తూ ఉంటుంది. ఈ విషయంలో ఇలాంటిదే మరో వేదిక బ్లూస్కై తెలివిగా నడుచుకుంది. 2024 జూన్‌లో స్టార్టర్ ప్యాకులు తెచ్చి, ఎవరైనా ఒక జాబితా కట్టి లింకు ఇస్తే దాని మీదుగానే చేరిపోయే ఏర్పాటు చేసింది. నా సీఎస్‌వీ కుస్తీ చూసి నాకే నవ్వు వస్తుంది.

రెండో పెద్ద ఉచ్చు అనుసరించే బటన్. ఎక్కడో దొరికిన లింకు నొక్కితే ఎదుటివారి పేజీ వారి సర్వరులో తెరుచుకుంటుంది. బటన్ నొక్కితే లాగిన్ అవమంటుంది. మా ఆఫీసులో ఒకతను అక్కడ తన పాస్‌వర్డ్ కొట్టాడు, తప్పు అంది. మార్చి మార్చి కొట్టాడు. తన ఖాతాను ఎవరో కాజేశారని రాత్రి పదింటికి నాకు ఫోను చేశాడు. మన తాళంచెవి మన ఇంటికే పడుతుంది, అంతే సంగతి. ఆ పేజీ చిరునామాను కాపీ చేసి మన సర్వరులోని వెతుకు పెట్టెలో అతికిస్తే అదే మనిషి మన ఇంట్లోనే కనిపిస్తాడు. ఇప్పటి వెర్షన్లు మీ సర్వరు ఏది అని అడిగి దారి చూపుతున్నాయి, అప్పటికన్నా నయం. అలా కనిపించిన ప్రొఫైలులో పాత పోస్టులు లేకపోతే కంగారు పడకండి. మన సర్వరులో ఎవరో ఒకరు ఆ మనిషిని అనుసరించడం మొదలయ్యాకే అక్కడి పోస్టులు క్రమంగా ఇటు వస్తాయి.

ప్రైవేటు సందేశాల గురించి మొదటి రోజే చెప్పి తీరాలి. అవి తాళం వేసిన ఉత్తరాలు కావు, సర్వరు నడిపేవారు తలచుకుంటే చదవగలరు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి: సందేశంలో ఎవరి మాస్టడాన్ చిరునామా (@పేరు@సర్వరు) పూర్తిగా రాస్తే వారికీ అది చేరుతుంది. నా మిత్రుడొకడు ఒకాయన మీద నాకు చాడీ చెబుతూ, ఎవరో స్పష్టంగా తెలియాలని ఆయన చిరునామా మొత్తం రాశాడు. పది నిమిషాల్లో మా ఇద్దరికీ కలిపి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశాడాయన. అందుకే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

సాఫ్ట్‌వేర్ తప్పులు కాలంతో పాటు సర్దుకుంటున్నాయి. వెతుకులాట 2023 సెప్టెంబరులో వచ్చిన 4.2 వెర్షన్‌తో మెరుగైంది, కాకపోతే ఒప్పుకున్నవారి పోస్టులే దొరుకుతాయి. ఇతరుల పోస్టును ఉటంకించే వీలు లేదని 2022లో అలిగి వెళ్లినవారికి 2025లో అదీ వచ్చింది, అదీ రాసినవారి ఇష్టాన్ని బట్టి. ప్రకటనలు లేవు. ఒక పోస్టుకు 500 అక్షరాలు, నాకు సరిపోతాయి. నాకు కోపం వచ్చేది మనుషుల మీద. చూపులేనివారి కోసం ఫోటోకు వివరణ రాయడం ఇక్కడి మంచి అలవాటు, నేనూ రాస్తాను. కానీ మా పిన్ని కూతురు పెట్టిన మొట్టమొదటి ఫోటోకు ఒక్క మెచ్చుకోలు కూడా రాకముందే, వివరణ ఏదని ముగ్గురు నిలదీశారు. "ఇక్కడ కూడా క్లాసు టీచర్లేనా అన్నయ్యా" అని ఆమె ఖాతా మూసేసింది. కొత్త మనిషిని ముందు పలకరించి, వివరణ సంగతి రెండో మాటగా చెప్పి ఉంటే ఆమె కూడా ఉండేదని నా నమ్మకం.

పోయిన వారం బాబాయి తన స్నేహితుణ్ని చేర్పించానని ఫోను చేశాడు. "సర్వర్ల గురించి ఏమైనా చెప్పావా బాబాయ్?" అని అడిగాను.

"ఎందుకురా? గుడ్లగూబల్ని చూపించాను."