అబిడ్స్‌లో 150కి దొరికిన ఫాంటమ్

ఆదివారం అబిడ్స్ పాత పుస్తకాల్లో ఫాంటమ్ బొమ్మల కథ ఉన్న ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్ ఒకటి కనబడింది. అమ్మేాయన 250 అన్నాడు, బేరమాడితే 150కి ఇచ్చాడు. పిన్నులు తుప్పు పట్టాయి, రంగులు మాత్రం ఇంకా భలే ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే చివరి రెండు పేజీలు లేవు! కొనేముందు లెక్కపెట్టుకోండి బాబూ.

నాకు ముసుగాయన ఫాంటమ్ పిస్తోళ్ల కన్నా రెక్స్ కథే ఇష్టం. ఫాంటమ్ ఉండే పుర్రె గుహలో ఆయన చేతుల మీద పెరిగిన అనాథ, తీరా చూస్తే బారన్‌ఖాన్ యువరాజు. గుర్రమెక్కి పెద్దాయన పక్కనే వెళ్తుంటే మా చిన్నప్పుడు ఎంత కుళ్లుకునేవాళ్లమో! లీ ఫాక్ 1936లో మొదలెట్టిన కథలివి. 1964 నుంచి ఇంద్రజాల్‌లో వచ్చాయి. ఇక్కడి ముద్రణలో ఫాంటమ్ ఉండే కల్పిత దేశం బెంగాలా కాస్తా డెంకాలీ అయింది. నాకిప్పటికీ డెంకాలీయే నోట్లో ఆడుతుంది.

పేజీలన్నీ ఉంటే 300 పెట్టినా తప్పులేదు.